వీపు నిటారు చేస్తామంటూ పది సిట్టింగుల ప్యాకేజీ: కట్టాలా, వద్దా?

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది చండూరు దగ్గర ఊరు. నాకు 43 ఏళ్లు. పెళ్లయినప్పటి నుంచి ఇంట్లో గుంట మగ్గం నేస్తున్నాను. అంతకుముందు పుట్టింట్లో ఆసు పోసేదాన్ని, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పేదాన్ని. మూడేళ్లుగా మెడ, రెండు భుజాల మధ్య వీపు పట్టేస్తున్నాయి. పొద్దున లేచి ముఖం కడుక్కుందామని వంగితే నడుము రాదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక మనిషినే మొత్తం తిరుగుతాను. రాత్రిపూట కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది. ఫొటోల్లో చూసుకుంటే మా అత్తమ్మకు వచ్చినట్టే నాకూ గూని వస్తోందని భయమేస్తోంది. గోలీలు వేసుకుంటే రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే.

మా అబ్బాయి హైదరాబాద్‌లో పని చేస్తాడు. అక్కడొక ఫాసియా థెరపీ సెంటర్‌కు తీసుకుపోయాడు. వాళ్లు నన్ను నిలబెట్టి ఫొటోలు తీసి, వాటి మీద గీతలు గీసి, “మీ ఫాసియా గడ్డకట్టింది, చేతులతో విడగొట్టి పది సిట్టింగుల్లో వీపు నిటారు చేస్తాం” అన్నారు. సిట్టింగుకు 2,500. మొత్తం ముందే కడితే కొంత తగ్గిస్తారట. ఒకటి ఊరికే చేశారు. నిజం చెప్పాలంటే ఆ రోజు మెడ హాయిగా తిరిగింది. మూడు రోజులకు మళ్లీ పట్టేసింది. పాతిక వేలంటే మా ఇద్దరి రెండు నెలల మజూరీ. మా ఊర్లో నూనె రాసి పిసికే ముసలమ్మ ఉంది, వంద రూపాయలిస్తే చాలు. ఆమె చేసేదానికీ వీళ్లు చేసేదానికీ తేడా ఏంది? ఇంతకీ ఈ ఫాసియా అంటే మాంసమా, నరమా? ఇంకొకటి, చిన్నప్పుడు మేమంతా బోరు నీళ్లే తాగినం. నా పళ్లు కూడా గార పట్టి ఉంటాయి. దానికీ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా? పేరు వెయ్యకండి.

సమాధానం:

చెల్లె, అక్కా అన్నావు కాబట్టి నువ్వనే రాస్తున్నాను. పైసల సంగతి ముందు చెప్పేస్తా. ఆ పాతిక వేలు ఇప్పుడే కట్టకు. ఆ పద్ధతే మోసమని నేను అనను. మెడ హాయిగా తిరిగిందన్నావే, అది నిజంగానే తిరిగింది. కానీ వాళ్లు ధర కడుతున్నది ఆ మూడు రోజుల హాయికి కాదు, నిటారు వీపుకు. అది వాళ్ల చేతుల్లో ఉన్న పని కాదు. పైగా ఉత్తరం చివర్లో ఎందుకో గుర్తొచ్చినట్టు బోరు నీళ్ల మాట రాశావు చూడు, నేనైతే దాన్ని మొదటి లైన్లో రాసేదాన్ని. ఆ సెంటర్‌లో నిన్ను ఆ మాట అడిగారా? అడిగి ఉంటే నువ్వు తప్పకుండా రాసేదానివి. చండూరు అంటే హైదరాబాద్ వాళ్లకు పట్టుచీర గుర్తొస్తుంది, మనకు నీళ్లు గుర్తొస్తాయి. అందుకే నీళ్లతోనే మొదలుపెడతా.

నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు అనగానే మర్రిగూడ, శివన్నగూడ వైపు కాళ్లు వంకరపోయి మంచం పట్టిన మనుషులే మన కళ్ల ముందు కదులుతారు. అంత ముదిరితేనే జబ్బు అనుకుంటాం. కానీ దానికి చాలా ఏళ్ల ముందు అది అచ్చం నువ్వు రాసినట్టే ఉంటుంది. మెడ పట్టేస్తుంది, పొద్దున నడుము రాదు. వయసు మీద పడిందనో వాతమనో అనుకుని గోలీలతో నెట్టుకొస్తాం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏళ్ల తరబడి అంతకు మించి తాగితే అది ఎముకల్లో చేరుతుంది. ఆ తర్వాత ఎముకను ఎముకతో కలిపే నారల్లో, కండరాలు ఎముకకు అతుక్కునే చోట్ల సున్నం పేరుకుంటుంది. వెన్నెముక పొడవునా ఉన్న నారలు అలా గట్టిపడితే ఇక వంగడం, తిరగడం కష్టమే. పళ్ల గార సంగతికొస్తే, పళ్లు తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు ఆ నీళ్లు తాగిన వాళ్లకే అలాంటి మచ్చలు పడతాయి. నువ్వు చిన్నప్పుడు ఏ నీళ్లు తాగావో నీ పళ్లు చెబుతాయి. ఎముకల్లో ఎంత చేరిందో అవి చెప్పలేవు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి కాబట్టి కొత్తగా చేరడం తగ్గుతుంది. కానీ అప్పటికే చేరింది అంత తొందరగా వదలదు. ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా నల్లా నీళ్లు రుచిగా లేవని బోరు నీళ్లే తాగుతుంటే మాత్రం మాన్పించు.

ఇంట్లోనే చేసి చూసుకునే పరీక్షలు మూడున్నాయి. ఫ్లోరైడ్ ఊళ్లలో సర్వేలకు వచ్చినప్పుడు చేయించేవి ఇవే. మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తీయాలి. గదవను రొమ్ముకు ఆనించాలి. రెండు చేతులూ పక్కలకు చాపి, మోచేతుల దగ్గర మడిచి, తల వెనక తాకించాలి. ఇవి రాకపోతే ఫ్లోరోసిసే అనుకుని టెన్షన్ పడకు. మగ్గం మీద ఏళ్లుగా కూర్చుని బిగుసుకుపోయిన వాళ్లకూ రావు, షుగర్ ఉండి భుజం పట్టేసిన వాళ్లకూ రావు. తేడా కొంచెం ఎక్కడ తెలుస్తుందంటే, కండరాల బిగుతైతే వేడినీళ్ల స్నానం చేశాక, కాసేపు అటూ ఇటూ నడిచాక ఇంకో రెండు వేళ్లు ఎక్కువ వంగుతావు. సున్నం కట్టిన చోట స్నానం చేసినా చేయకపోయినా అక్కడికే ఠక్కున ఆగిపోతుంది. ఈ లెక్కన నీ మెడ విషయంలో నాకు కొంచెం ధైర్యంగానే ఉంది. గట్టిపడిన నార ఒక్క సిట్టింగ్‌తో వదులు కాదు. నీ మెడ ఆ రోజు తిరిగిందంటే అక్కడ ఉన్నది చాలావరకు బిగుతే అయి ఉండాలి. నడుము కూడా ఆ రోజు వదులైందో లేదో నువ్వు రాయలేదు. స్నానానికి ముందొకసారి, తర్వాతొకసారి ఆ రూపాయి బిళ్ల తీసి చూడు.

ఏది ఏమైనా ఎక్స్‌రే తీయించుకో. నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టర్‌ను కలువు, లేదంటే బీబీనగర్ ఎయిమ్స్‌కు వెళ్లు. చిన్నప్పటి నుంచి ఏ నీళ్లు తాగావో మొదటే చెప్పు. నడుముతో పాటు ముంజేతికి కూడా ఎక్స్‌రే తీయమని అడుగు. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి, వాటి మధ్య పల్చని పొర ఒకటి ఉంటుంది. ఫ్లోరోసిస్‌లో ఆ పొరలో సున్నం చేరి ఎక్స్‌రేలో తెల్లగా కనబడుతుంది. మూత్రంలో ఫ్లోరైడ్ ఎంతుందో చూసే పరీక్ష కూడా ఉంది. ఇదంతా ఎవరి చేతికైనా వీపు అప్పజెప్పక ముందే ఎందుకంటే, ఫ్లోరైడ్ చేరిన ఎముక చూడటానికి దట్టంగా ఉంటుంది కానీ పెళుసుగా ఉంటుంది. వెన్నుపాము పోయే దారి కూడా ఇరుకవుతుంది. అలాంటి వీపు మీద మోకాలు పెట్టి నొక్కినా, మెడ పట్టుకుని ఒక్కసారిగా టక్కుమని తిప్పినా వెన్నుపాము నొక్కుకుని కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది.

ఇక మాంసమా, నరమా అన్నావు. రెండూ కాదు. ఆదివారం మటన్ కడిగేటప్పుడు చూసే ఉంటావు. ముక్క మీద పల్చగా, తెల్లగా, తడితో మెరిసే పొర ఉంటుంది. వేలితో లాగితే సాగుతుంది కానీ తెగదు, కత్తి పెట్టాల్సిందే. అదే ఫాసియా. ప్రతి కండరం చుట్టూ ఉంటుంది, కండరం లోపల పోగుల మధ్యకు కూడా దూరుతుంది. చర్మం కింద ఒక పొర వేరే ఉంటుంది. అరికాలి కింద మందంగా, తొడ బయటి వైపు గట్టి పట్టీగా, నడుము వెనక వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. నొప్పిని, సాగుడును కనిపెట్టే నరాల కొనలు దాన్నిండా ఉంటాయి. పొరలు ఒకదాని మీద ఒకటి జారడానికి వాటి మధ్య హయలురోనన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. కదలకుండా చాలాసేపు ఒకే తీరుగా ఉంటే ఆ జిగురు చిక్కబడి పొరలు సరిగ్గా జారవని ఇటలీలో పదోవా యూనివర్సిటీ అనాటమీ ప్రొఫెసర్ కార్లా స్టెక్కో వాదన. 2011లో అమెరికాలో హెలెన్ లాంజవిన్ బృందం నడుము దగ్గరి పొరను అల్ట్రాసౌండ్‌తో చూసింది. ఏళ్లుగా నడుం నొప్పి ఉన్నవాళ్లలో ఆ జారుడు, నొప్పి లేనివాళ్ల కంటే దాదాపు 20 శాతం తక్కువగా ఉంది. జారుడు తగ్గినందుకు నొప్పి వచ్చిందా, నొప్పితో కదలక జారుడు తగ్గిందా అన్నది అందులో తేలలేదు. సెంటర్ల వాళ్లు మొదటి సగమే చెబుతారు.

చేతులతో ఈ పొరను సర్దవచ్చన్న ఆలోచనను ఒక పద్ధతిగా తెచ్చింది ఐడా రోల్ఫ్ అనే అమెరికన్ ఆమె (1896-1979). ఆడపిల్లలు పెద్ద చదువులకు పోవడమే అరుదైన 1920లో కొలంబియా యూనివర్సిటీలో జీవరసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి. భూమి ఆకర్షణకు శరీరం ఎదురు నిలబడకుండా తల, రొమ్ము, తుంటి, కాళ్లు ఒక వరుసలోకి రావాలని, అందుకు ఫాసియాను వేళ్లతో, మోచేత్తో నెమ్మదిగా ఒత్తి సర్దాలని ఆమె చెప్పింది. దాన్ని పది సిట్టింగుల వరుసగా నేర్పింది, ఒక్కోసారి ఒక్కో భాగం. నీకు చెప్పిన ‘పది’ కూడా ఆ దారిలో వచ్చిన అంకే అయి ఉంటుంది. నీలాంటి వాళ్ల మీద ఐదు, పది, పదిహేను చేసి చూసి తేల్చిన మోతాదు కాదది. ఆమె పాఠం చెప్పిన క్రమం.

“విడగొడతాం” అన్నారు కదా, అక్కడే నాకు పేచీ. 2008లో కొందరు పరిశోధకులు లెక్కగట్టి చూశారు. తొడ పక్కనుండే ఫాసియా, అరికాలి ఫాసియా ఒక్క శాతం అటూ ఇటూ కావాలన్నా మనిషి చేతితో పెట్టలేనంత బలం కావాలని తేలింది. ముక్కు మీది పల్చని పొర ఒక్కటే చేతికి లొంగింది. నువ్వు వెళ్లింది ముక్కు కోసం కాదు కదా! మరి మెడ ఎలా తిరిగింది? నెమ్మదిగా, వెచ్చటి చేతితో, ఒకే చోట నిలకడగా ఒత్తినప్పుడు పొరలోని నరాల కొనలు ఆ ఒత్తిడిని మెదడుకు చేరవేస్తాయి. ఇక్కడ ప్రమాదమేమీ లేదని మెదడుకు నమ్మకం కుదిరి కండరాల బిగింపును కాస్త వదులుతుంది, నొప్పిని కూడా తక్కువ చేసి చూస్తుంది. ఇప్పుడు ఎక్కువ మంది ఒప్పుకునే వివరణ ఇదే. అందుకే ఆ హాయి నిజం, అందుకే అది మూడు రోజులకు పోయింది. మళ్లీ అదే మగ్గం, అదే వంగుడు, మెదడు మళ్లీ పాత బిగింపుకే వచ్చింది. దీర్ఘకాలిక నడుం నొప్పి మీద ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల సారం కూడా ఇంచుమించు ఇంతే. నొప్పి, ఇబ్బంది కొంత తగ్గుతాయి, అదీ కొద్దికాలమే. ఆ పరిశోధనలు కూడా చాలావరకు చిన్నవి. వంగిన వీపును శాశ్వతంగా నిటారు చేసిందని మాత్రం గట్టిగా చెప్పే ఆధారం లేదు.

ఆ ఫొటోల మీద గీతల గురించి కూడా ఒక మాట. అలా గీతలు గీస్తే నా వీపూ వంకరే, నీకు ఆ ఫొటో తీసినాయన వీపూ వంకరే. ఊపిరి పీల్చినప్పుడు తీస్తే ఒక కొలత, వదిలినప్పుడు తీస్తే ఇంకో కొలత వస్తుంది. సిట్టింగ్ అయ్యాక తీసే రెండో ఫొటోలో మనకు తెలియకుండానే రొమ్ము విరుచుకుని నిలబడతాం. అసలు వీపు వంపుకూ నొప్పికీ అనుకున్నంత దగ్గరి సంబంధం లేదు. గూనితో నొప్పి లేకుండా తిరిగేవాళ్లు ఊరినిండా ఉన్నారు, కర్రలా నిటారుగా కూర్చుని నొప్పితో ఏడ్చేవాళ్లూ నా దగ్గరికి వస్తారు. ఏ భంగిమ అయినా గంటల తరబడి కదలకుండా ఉంటేనే చిక్కు.

మీ అత్తమ్మ గూని వేరే రకం కావచ్చు. ఆ వయసులో ఆడవాళ్లకు ఎముకలు గుల్లబారి, వెన్నుపూసలు ముందువైపు నలిగి వంగిపోతాయి. ఆమెను మాత్రం ఈ సెంటర్లకూ తీసుకుపోకు, ముసలమ్మకూ అప్పజెప్పకు. డాక్టర్‌కు చూపించు.

ముసలమ్మ గురించి అడిగావు కాబట్టి దాచకుండా చెబుతా. నూనె రాసి, నీ ఒంటికి ఎంత ఒత్తిడి సరిపోతుందో తెలుసుకుని, తొందరపడకుండా పిసికే చెయ్యి అయితే, హాయి విషయంలో 2,500 సిట్టింగ్‌కూ దానికీ పెద్ద తేడా ఉండకపోవచ్చు. సెంటర్ వాళ్లు నూనె తక్కువ వాడతారు, చర్మం జారిపోకుండా లోపలి పొరను పట్టి నెమ్మదిగా జరుపుతారు. తేడా అసలు ఉండాల్సింది అడిగే ప్రశ్నల్లో. ఎవరిని ముట్టుకోవాలో, ఎవరిని ముట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి పంపాలో తెలిసినవాళ్లకే నేను డబ్బులివ్వమంటాను. నీళ్ల సంగతి అడగని సెంటర్ ఆ పరీక్షలో ముసలమ్మతో సమానమే. ఆమె మెడ విరవనంత వరకు, వెన్నెముక మీద ఎక్కి తొక్కనంత వరకు వెళ్లు, వంద రూపాయలియ్యి, నాకేం అభ్యంతరం లేదు. ఒక పిక్క వాచి, ఎర్రగా, వేడిగా ఉంటే మాత్రం ఎవరితోనూ పిసికించుకోవద్దు. లోపల రక్తం గడ్డ ఉంటే కదిలిపోవచ్చు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు కూడా దూరంగా ఉండాలి.

ఎక్స్‌రేలు బాగానే ఉండి, నీకు ఆ చేతి వైద్యమే నచ్చితే రెండు, మూడు సిట్టింగులు చేయించుకో. విడివిడిగా డబ్బు కట్టు. నల్గొండలోనే నాలుగున్నరేళ్ల ఫిజియోథెరపీ కోర్సు చదివినవాళ్లు ఉన్నారు, వాళ్లలో చాలామందికి ఈ పని వచ్చు, హైదరాబాద్ చార్జీలు మిగులుతాయి. ఫిజియోథెరపిస్టులు 2021లో వచ్చిన కేంద్ర చట్టం కిందికి వస్తారు. ‘ఫాసియా థెరపిస్ట్’ బోర్డు పెట్టుకోవడానికి రెండు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్ కూడా సరిపోతోంది, కాబట్టి ఏం చదివారని మొహమాటపడకుండా అడుగు. ఆడమనిషి చేతే చేయించుకుంటానని చెప్పు, తోడుగా వచ్చినవాళ్లు గదిలోనే కూర్చోవచ్చు. ఒత్తిడి నొప్పిగా ఉన్నా “ఆ, ఇది బాగుంది” అనిపించే దగ్గర ఆగాలి. పళ్లు బిగబట్టాల్సి వస్తే ఎక్కువైనట్టే. ఒళ్లు కమిలిపోయి నల్ల మచ్చలు తేలితే “టాక్సిన్లు బయటికొచ్చాయి” అంటారు. అది రక్తం చిట్లిన మచ్చ, అంతే.

పని చేసిందో లేదో ఫొటోతో చూడకు. మగ్గం ఎక్కాక ఎంతసేపటికి మెడ నొప్పి మొదలవుతుందో గోడ మీది క్యాలెండర్‌లో రాసి పెట్టు. మూడు సిట్టింగుల తర్వాత కూడా ఆ టైం పెరగకపోతే నాలుగోదానికి వెళ్లకు.

ఇప్పుడు మగ్గం దగ్గరికి వద్దాం. పుట్టింట్లో ఆసు పోశానన్నావు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేయి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తిప్పలు పడి ఆసు యంత్రం తయారు చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ తల్లి భుజానికి ఆయన ఎన్ని నూనెలు రాసినా మర్నాడు మళ్లీ 9 వేల సార్లు ఉండేవి. నీకూ అంతే, పని తీరులో ఏదో ఒకటి మారకుండా సిట్టింగులు ఎన్నైనా చాలవు.

నీ విషయంలో మార్చాల్సింది ఏమిటో నాకు ఒక అంచనా ఉంది. చిటికి కట్టిన నూలుతో, అంటే డిజైన్ ప్రకారం ముందే ముడులు కట్టి రంగులద్దిన నూలుతో నేసేటప్పుడు అసలు కష్టం పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె లాగడంలోనో, కాళ్లతో తొక్కడంలోనో లేదు. డిజైన్ కలిసిందా లేదా అని పోగు పోగుకీ ముందుకు వంగి, కళ్లు దగ్గరగా పెట్టి, వేళ్లతో పేకను, అంటే అడ్డపోగును సర్దడంలో ఉంది. నీకిప్పుడు 43. నలభై దాటాక ఎవరికైనా దగ్గరి చూపు తగ్గుతుంది. నీకు తెలియకుండానే వెలుతురు కోసం, స్పష్టత కోసం మెడ ముందుకు పోతూ ఉంటుంది. మూడేళ్లుగా నొప్పి అన్నావు, వయసు లెక్క కూడా సరిపోతోంది. కళ్లు చూపించుకున్నావా? చదువుకునే అద్దాలు ఇవ్వమంటే జానెడున్నర దూరానికి ఇస్తారు, మగ్గం మీద గుడ్డ అంతకంటే దూరంగా ఉంటుంది. అందుకని ఒక పని చెయ్యి. మగ్గం మీద నీకు సుఖంగా ఉండేలా నిటారుగా కూర్చుని, కంటి దగ్గర నుంచి గుడ్డ దాకా ఒక దారం పట్టి ఎవరితోనైనా కొలిపించు, ఆ దారం మడిచి కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకుపో. ఈ దూరానికి అద్దాలు కావాలని చెప్పు. పాతిక వేల ప్యాకేజీ కంటే నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ.

బల్బు నీ వీపు వెనక ఉంటే నీ నీడే గుడ్డ మీద పడుతుంది, దాన్ని పక్కకు, కొంచెం ముందుకు మార్పించు. కూర్చునే చోట గోనె సంచి మడిచి రెండు మూడు అంగుళాలు ఎత్తు పెంచి చూడు, తుంటి మోకాళ్ల కంటే కాస్త పైన ఉంటే నడుము అంతగా కుంగదు. మరీ ఎత్తయితే కాళ్లకు తొక్కేవి అందవు, రెండు రోజులు అటూ ఇటూ చూసుకుంటే నీకే తెలుస్తుంది. అరగంటకోసారి లేచి నడవమని పుస్తకాల్లో రాస్తారు కానీ గుంటలో నుంచి లేవడం ఎంత పనో రాసినవాళ్లకు తెలియదు. నేసిన గుడ్డను దోనెకు చుట్టేటప్పుడు ఎలాగూ ఆగుతావు కదా, అప్పుడే కూర్చున్న చోటే చేతులు పైకెత్తి, వెనక్కి విరుచుకుని నాలుగైదు ఊపిర్లు తీసుకో. లేవడం మాత్రం నూలు చుట్టిన కండెలు అయిపోయినప్పుడు లేస్తే చాలు.

నొక్కుడు నీ అంతట నువ్వే చేసుకోవచ్చు. టెన్నిస్ బంతిని పాత సాక్సులో వేసి, గోడకు వీపు ఆనించి నిలబడి, వెన్నెముకకూ భుజం రెక్కకూ మధ్య మెత్తటి చోట పెట్టి ఒరుగు. వెన్నెముక ఎముక మీద మాత్రం పెట్టకు. నొప్పి పుట్టే చోట నిమిషం సేపు ఊపిరి వదులుతూ నిలబడి, బంతిని కాస్త పక్కకు జరుపు. ఇలా వచ్చే వెసులుబాటు అరగంట కూడా నిలవదు. కాబట్టి బంతి తీయగానే కదలాలి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతులు తల వెనక పెట్టి, కుర్చీ పైఅంచు మీదుగా పది సార్లు వెనక్కి వాలు. కుర్చీని గోడకు ఆనించి పెట్టుకో, లేకపోతే నువ్వూ కుర్చీ కలిసి పడతారు. తర్వాత పాత సైకిల్ ట్యూబును స్తంభానికి కట్టి, రెండు కొనలూ పట్టుకుని, మోచేతులు వెనక్కి పోయేలా లాగు. పది పన్నెండు సార్లు చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. రోజంతా చేతులు ముందుకే పని చేస్తాయి కాబట్టి వెనక లాగే కండరాలు నీకు తక్కువ బలంగా ఉంటాయి. మొదటి వారం ఒళ్లు నొప్పులు వస్తాయి, భయపడకు. ఆరేడు వారాలు విడవకుండా చేశాకే ఏదైనా మాట్లాడుకోవాలి. నడుము ఎక్స్‌రే వచ్చేదాకా కుర్చీ మీద వెనక్కి వాలేది మాత్రం ఆపు, మిగతావి మొదలుపెట్టొచ్చు.

రాత్రి తిమ్మిరి గురించి. బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గుతోందా? అయితే అది చాలావరకు మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడమే అయి ఉంటుంది. దాన్ని వీపు పిసికి తగ్గించలేరు. పడుకునేటప్పుడు మణికట్టు మడవకుండా నిటారుగా ఉంచే పట్టీ మెడికల్ షాపులో దొరుకుతుంది, కొన్ని వారాలు వేసుకో. షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించు. చిటికెన వేలైతే మోచేయి దగ్గర చూడాలి, రెండు చేతులూ అయితే మెడ దగ్గర కూడా. చేతిలోని వస్తువులు జారిపోతుంటే, బొటనవేలి కింది కండ తగ్గుతుంటే ఆలస్యం చేయొద్దు. కాళ్లు బరువెక్కి తూలుతున్నా, మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, రెండు తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇది మీ అబ్బాయికి కూడా చెప్పి ఉంచు.

రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయి, స్నానానికి ముందూ తర్వాతా రూపాయి బిళ్ల అందిందో లేదో కూడా రాయి. నడుము ఎక్స్‌రే ఒక్కటే తీసి పంపించేస్తుంటారు. ముంజేతిది కూడా తీయమని మొహమాటం లేకుండా అడుగు.